కత్తి పోయింది, బిళ్ళ మిగిలింది

సమురాయ్ సినిమాలు చూసేవాళ్ళకి ఈ దృశ్యం బాగా తెలిసే ఉంటుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఇంకా ఎవరూ కత్తి దూయలేదు. ఒకడి ఎడమచేతి బొటనవేలు మాత్రం మెల్లగా కదులుతుంది. పిడి మొదట్లో ఉన్న గుండ్రటి బిళ్ళని ఒక్క పిసరు ముందుకి నెడుతుంది. టిక్కుమని చిన్న చప్పుడు. అంతే, ఎదుటివాడికి విషయం అర్థమైపోతుంది. ఒరలో బిగిసి ఉన్న కత్తి వదులైంది, ఇక బయటికి రావడానికి రెప్పపాటు చాలు.

ఆ బిళ్ళ పేరు త్సుబా. పిడికీ అలుగుకీ మధ్య అడ్డుగా ఉండే లోహపు పలక. అడ్డంగా ఏడెనిమిది సెంటీమీటర్లు, మందం నాలుగైదు మిల్లీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. పొడిచేటప్పుడు చెయ్యి జారి సొంత అలుగు మీదికే పోకుండా ఆపడం దాని మొదటి పని. కత్తి బరువుని చేతి దగ్గరికి లాగి తూకం సరిచేయడం ఇంకో పని. ఎదుటివాడి దెబ్బని కాచుకోవడం ఆ తర్వాతి సంగతి.

ఇవాళ ప్రపంచమంతా మ్యూజియాల్లో, వేలంపాటల్లో, సేకర్తల బీరువాల్లో వేలకొద్దీ త్సుబాలు ఉన్నాయి. వాటిలో చాలావాటికి కత్తి లేదు. ఏ కత్తికి ఉండేదో, ఆ కత్తి ఎవరి నడుముకి ఉండేదో చెప్పే ఆధారమూ లేదు. అయినా ఒక్కోదాని కింద ఒక చీటీ కనిపిస్తుంది: ఫలానా శతాబ్దం, ఫలానా ప్రాంతం, ఫలానా శాఖ. ఈ బిళ్ళలు కత్తుల నుంచి ఎలా విడిపోయాయి? విడిపోయిన తర్వాత వాటికి ఈ పేర్లు ఎలా వచ్చాయి? త్సుబాల చరిత్రలో నాకు ఆసక్తిగా అనిపించేవి ఈ రెండు ప్రశ్నలే.

యుద్ధం నుంచి వేషం దాకా

బాగా పాత త్సుబాలు చాలా సాదాగా ఉంటాయి. సాగగొట్టిన పల్చటి ఇనుప రేకు, అందులో ఎక్కడో ఓ మూల తొలిచిన చిన్న బొమ్మ. ఓ చెర్రీ పువ్వు, ఓ తూనీగ, ఓ ముల్లంగి దుంప. తూనీగ ముందుకే ఎగురుతుంది గానీ వెనక్కి తగ్గదని యోధులకి దానిమీద మక్కువ. ఈ రేకుల మీద చేసినవాడి పేరు ఉండదు. అవి వాడే వస్తువులు, అంతే.

1467లో క్యోతో నగరంలో ఓనిన్ యుద్ధం మొదలైంది. పదేళ్ళు సాగి, రాజధానిని బూడిద చేసింది. దాని తర్వాత ఇంకో వందేళ్ళకి పైగా దేశం ముక్కలుముక్కలుగా కొట్టుకుంది. చిత్రం ఏమిటంటే, కత్తి సొగసుల మీద ధ్యాస పెరిగిందీ ఈ కాలంలోనే. షోగున్ అషికాగా యొషిమసా కొలువులో గోతో యూజో (1440–1512) అనే కంసాలి ఉండేవాడు. అతని వంశం పదిహేడు తరాల పాటు పాలకుల కత్తులకి నగలు చేసింది. నగలు అన్న మాట ఊరికే వాడలేదు. నల్లటి లోహం మీద బంగారు డ్రాగన్లు, సింహాలు, పువ్వులు చెక్కి కత్తికి తొడిగేవాళ్ళు. పదహారో శతాబ్దం చివరికి వచ్చేసరికి ఇనుములోనే బొమ్మలు గీసే కనెయియే, ఇనుము ఒంటినే అందంగా మలిచే నొబుయియే, రకరకాల లోహాల రంగులతో ఆడుకున్న ఉమెతదా మ్యోజు (1558–1631) లాంటి పేర్లు వినిపిస్తాయి. బిళ్ళ మీద సంతకం పెట్టడం అప్పటికి అలవాటులోకి వచ్చింది.

1603లో తోకుగావా ఇయెయసు షోగున్ అయ్యాడు. కొన్నాళ్ళకే యుద్ధాలు ఆగిపోయాయి. రెండు వందల యాభై ఏళ్ళ శాంతి. ఇక కత్తికి పనేముంది? పని లేదు గానీ హోదా ఉంది. సమురాయ్ నడుముకి రెండు కత్తులు, ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఆ రెండూ అతని కులానికి గుర్తు. షోగున్ కోటలో అడుగుపెట్టాలంటే ఒర నల్ల లక్కదే అయ్యుండాలి, నగిషీ ఇలాగే ఉండాలి అని నియమాలు వచ్చాయి. కత్తి దుస్తుల్లో భాగమైపోయింది. మనవైపు తలపాగా చుట్టు చూసి మనిషి ఎక్కడివాడో చెప్పినట్టు, అక్కడ త్సుబా చూసి మనిషి అభిరుచి చెప్పేవాళ్ళు.

దీనికి ఇంకో మలుపు ఉంది. వర్తకులకి రెండు కత్తులు పెట్టుకునే హక్కు లేదు గానీ ఒక పొట్టి కత్తికి అనుమతి ఉండేది. డబ్బు వాళ్ళ దగ్గరే ఉంది. దాంతో ఆ ఒక్క పొట్టి కత్తి మీదే మోజంతా కుమ్మరించారు. యొకొయా సోమిన్ (1670–1733) అనే పనివాడు గోతో వంశపు కట్టుబాట్ల నుంచి బయటికొచ్చి, కుంచెతో గీసినట్టు లోహం మీద ఉలితో గీతలు గీయడం మొదలుపెట్టాడు. గోతో వాళ్ళది ఇంటి చెక్కడం, వీళ్ళది ఊరి చెక్కడం అని రెండు మాటలు పుట్టాయి. సంప్రదాయానికీ బజారుకీ మధ్య పోటీ అన్నమాట. సాహిత్యం చదివేవాళ్ళకి ఈ గొడవ కొత్తేం కాదు.

ఇనుము సొగసు చూడాలంటే మాత్రం దక్షిణాన హిగోకి, అంటే ఇప్పటి కుమమొతోకి వెళ్ళాలి. 1632లో హొసొకావా వంశం ఆ సీమకి పాలకులుగా వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన తదఓకి యుద్ధాల్లో ఆరితేరినవాడు, తేనీటి గురువు సెన్ నో రిక్యూకి శిష్యుడు కూడా. హిరాతా, నిషిగకి, షిమిజు, హయాషి అనే నాలుగు కుటుంబాల పనివాళ్ళు ఆ కొలువు నీడలో ఎదిగారు. హయాషి మతాషిచిది తుపాకీ గొట్టాలు చేసే ఇల్లు. ఇనుముని ఎక్కడ ఎంత కొట్టాలో చేతికి తెలుసు. హిగో త్సుబాల్లో ఆర్భాటం ఉండదు. చెర్రీ పువ్వులో, రెండు కొంగలో, ఓ వంగిన కొమ్మో. తొలిచిన ఖాళీకి, మిగిల్చిన ఇనుముకి సమానమైన విలువ ఉంటుంది. మట్టి గిన్నెలో టీ తాగడంలో ఉన్న ఆనందమే ఇక్కడా ఉంది.

1876

1868లో షోగున్ల పాలన పోయింది, మెయిజీ చక్రవర్తి ప్రభుత్వం వచ్చింది. 1871లో ఓ ఆదేశం: జుట్టు ముడి కత్తిరించుకోవచ్చు, కత్తి లేకుండా తిరగొచ్చు. అప్పటికింకా ఇష్టమైతేనే. 1876 మార్చిలో రెండో ఆదేశం వచ్చింది: సైన్యం, పోలీసులు తప్ప ఎవరూ బయట కత్తి పెట్టుకోకూడదు. అదే ఏడాది సమురాయ్ కుటుంబాలకి తరతరాలుగా వస్తున్న భత్యాలు రద్దుచేసి, వాటి బదులు ప్రభుత్వ బాండ్లు చేతిలో పెట్టారు. అంటే ఒకే సంవత్సరంలో గుర్తూ పోయింది, కూడూ పోయింది.

ఆ ఏడాది అక్టోబరులో కుమమొతోలో తిరుగుబాటు జరిగింది. షింపూరెన్ అనే బృందం, దాదాపు రెండు వందల మంది సమురాయ్‌లు. పరాయి దేశపు వస్తువులని తుపాకులు కూడా ముట్టుకోలేదు. కత్తులు, బల్లేలతో రాత్రిపూట ప్రభుత్వ సైన్యం మీద పడ్డారు. ఒక్కరోజులో అంతా అయిపోయింది. చాలామంది కడుపు చీల్చుకున్నారు. మిషిమా యుకియో 'రన్అవే హార్సెస్' నవలలో ఈ కథ వస్తుంది, చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. నవల సంగతి పక్కనపెట్టి ఊరి పేరు మాత్రం గమనించండి. అత్యంత నిరాడంబరమైన, శాంతమైన త్సుబాలు చేసిన ఊరూ, కత్తి వదలమని ప్రాణాలు వదిలిన ఊరూ ఒకటే. మ్యూజియంలో హిగో త్సుబా కింద ఉండే చీటీ ఈ రెండో సంగతి చెప్పదు.

మిగతావాళ్ళు కత్తులు అమ్ముకున్నారు. కొనేవాళ్ళకి కత్తి మొత్తం అక్కర్లేదు. బంగారం ఉన్న ముక్కలు కొన్ని కరిగిపోయాయి. అందంగా ఉన్న త్సుబాలు విడిగా అమ్ముడుపోయాయి. విడదీయడం చాలా తేలిక. పిడికి అడ్డంగా దిగేసిన చిన్న వెదురు మేకు ఒక్కటి తీస్తే చాలు, కత్తి మొత్తం ముక్కలుగా ఊడొస్తుంది. జతగా చేసిన పెద్ద కత్తి త్సుబా ఒక దేశానికి, చిన్న కత్తి త్సుబా మరో దేశానికి పోయాయి.

పనివాళ్ళ సంగతి? కొందరు దారి మార్చుకున్నారు. కనో నత్సువో (1828–1898) ఆ తరంలో అందరికన్నా పేరున్న చెక్కడపు పనివాడు. కొత్త ప్రభుత్వం నాణేలు ముద్రించాలనుకున్నప్పుడు వాటి మీది డ్రాగన్‌కి రూపం ఇచ్చింది ఆయనే. కత్తి పిడి దగ్గర ఉండాల్సిన డ్రాగన్ అందరి జేబుల్లోకీ వచ్చింది. తర్వాత తోక్యో లలితకళల పాఠశాలలో పాఠాలు చెప్పాడు. ఇంకొందరు పూలకుండీలు, అగ్గిపెట్టెల తొడుగులు, పాశ్చాత్యుల బల్లల మీద పెట్టుకునే బొమ్మలు చేశారు. యొకొహామా రేవులో విదేశీయుల కోసమని హడావిడిగా చేసిన సరుక్కి 'హమామొనో', రేవు సరుకు, అన్న పేరొచ్చింది. అందులో కొత్త త్సుబాలూ ఉన్నాయి. ఏ కత్తికీ తొడగని, తొడగడానికి చేయని త్సుబాలు.

ప్యారిస్, హాంబుర్గ్, లండన్

1878 ప్యారిస్ ప్రదర్శనకి దుభాషిగా వెళ్ళిన హయాషి తదమసా అనే యువకుడు అక్కడే ఉండిపోయి, జపాను కళావస్తువుల వ్యాపారిగా స్థిరపడ్డాడు. చిత్రకారుల ఇళ్ళల్లోకి జపాను అచ్చు బొమ్మలు చేరడంలో అతని చెయ్యి చాలా ఉంది. 1894లో అతను తన త్సుబాల సేకరణని లూవ్రు మ్యూజియానికి కానుకగా ఇచ్చాడు. హాంబుర్గ్‌లో యుస్టుస్ బ్రింక్‌మన్ అనే మ్యూజియం అధిపతి త్సుబాలు పోగుచేశాడు. ఆయన దగ్గర పనిచేసిన హరా షిన్‌కిచి 1902లో కత్తి నగిషీ పనివాళ్ళ పేర్లన్నీ జర్మన్‌లో జాబితాగా అచ్చువేశాడు. లండన్‌లో హెన్రీ జోలీ అనే ఆయన పెద్దపెద్ద సేకరణలకి కేటలాగులు రాశాడు.

వీళ్ళకి ముందు జపానులో ఇలాంటి పుస్తకాలు లేవని కాదు. ఒసాకాలో ఇనబా త్సూర్యూ 1781లోనే 'సోకెన్ కిషో' అనే పుస్తకం వేశాడు, కత్తి నగిషీల గురించి, పనివాళ్ళ గురించి. కానీ అది కత్తి ధరించేవాళ్ళ కోసం రాసిన పుస్తకం. 1876 తర్వాతి పుస్తకాలు కత్తి ఎప్పుడూ ధరించనివాళ్ళ కోసం రాసినవి. ఈ తేడా చిన్నది కాదు. మొదటివాడి ప్రశ్న 'నా కత్తికి ఏది బావుంటుంది?' అని. రెండోవాడి ప్రశ్న 'ఇది ఎవరిది?' అని.

చేత్తో చదవడం

ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతికే పద్ధతి చూద్దాం. మీ చేతిలో ఓ ఇనుప త్సుబా ఉందనుకోండి. అలవాటు లేనివాళ్ళు మొదట బొమ్మ చూస్తారు, తర్వాత సంతకం. అలవాటున్నవాళ్ళు ముందు చూసేది కన్నాలు.

మధ్యలో ఉన్న పొడుగాటి త్రికోణపు కన్నంలోంచి కత్తి తోక పిడిలోకి దిగుతుంది. దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో నునుపైన జాగా. దానికి ఒకవైపు అర్ధచంద్రాకారపు కన్నం, ఒరకి పక్కన దోపుకునే చిన్న చాకు పిడి కోసం. రెండోవైపు మూడు వంపుల కన్నం, జుట్టు సర్దుకునే పుల్ల కోసం. అన్ని త్సుబాలకీ ఇవి ఉండవు. మొదట లేకపోయినా తర్వాత ఎవరో తొలిపించి ఉండొచ్చు. తొలిచినప్పుడు పక్కనున్న బొమ్మ తెగిపోతే తెలిసిపోతుంది. అక్కర్లేదనుకున్నవాళ్ళు ఆ కన్నాన్ని సీసంతోనో, నల్లరాగితోనో, ఒక్కోసారి బంగారంతోనో పూడ్చేసేవాళ్ళు.

ఇప్పుడు మధ్య కన్నం అంచులు చూడండి. అటూ ఇటూ రాగి ముక్కలు దిగేసి ఉంటే, ఆ త్సుబాని కనీసం ఓసారి వేరే కత్తికి సరిపోయేలా సర్దారని అర్థం. అంచుల మీద ఉలి దెబ్బలు ఉంటే అదీ బిగించడం కోసమే. ఇన్ని గుర్తులున్న బిళ్ళ చాలా చేతులు మారి ఉంటుంది, నిజంగా వాడకంలో ఉండి ఉంటుంది. కన్నం ఏ గీతా లేకుండా కొత్తగా మెరుస్తోంటే, అది ఏనాడూ కత్తికి ఎక్కలేదేమో అని అనుమానించాలి. మామూలుగా పాత వస్తువులో దెబ్బ ఉంటే విలువ తగ్గుతుంది. ఇక్కడ కొన్ని దెబ్బలే సాక్ష్యం.

తర్వాత ఇనుము. పోతపోసిన ఇనుము వేరు, సాగగొట్టిన ఇనుము వేరు. దారానికి వేలాడదీసి గోటితో మీటితే, బాగా కొట్టిన ఇనుము చిరుగంటలా మోగుతుంది. పోత ఇనుము డొల్లగా పలుకుతుంది. ఇదొక్కటే పరీక్ష అనుకోకూడదు గానీ చెవికి మొదటి కబురు అదే. తొలిచిన బొమ్మ లోపలి గోడలు చూస్తే ఉలి, ఆకురాయి పడిన జాడలుంటాయి. పోతపోసిన నకిలీలో ఆ గోడలు మొద్దుగా, ఒరుసుకుపోయినట్టు ఉంటాయి. ఒక్కోసారి అచ్చు కలిసిన చోట సన్నటి గీత దొరుకుతుంది.

అంచుని వేలితో తడిమి చూడండి. ఒవారి, కనయామా రకాల్లో అంచు వెంట చిన్న చిన్న బుడిపెలు తగులుతాయి. ఇనుములో గట్టిపాళ్ళు, మెత్తపాళ్ళు కలిసినచోట గట్టివి పైకి తేలినట్టు కనిపిస్తాయి. వీటిని 'తెక్కొత్సు' అంటారు, ఇనుప ఎముకలు. చూసేకన్నా తడిమితేనే బాగా తెలుస్తాయి. అందుకే ఫోటో చూసి త్సుబా కొనొద్దని పాతవాళ్ళు చెప్తారు.

ఇక తుప్పు. తుప్పంటే మనకి రోగం. త్సుబా విషయంలో రెండు రకాల తుప్పులుంటాయి. ఎర్రగా పొడిపొడిగా రాలేది తినేసే తుప్పు. నల్లగా, కాఫీ రంగులో, వంకాయ రంగు నీడతో నున్నగా ఉండేది కాపాడే తుప్పు. ఈ రెండోది రావడానికి తరాలు పడుతుంది. ఎర్ర తుప్పు కనబడితే ఇసుక కాగితం, ఆమ్లం లాంటివి ముట్టించకూడదు. దుప్పికొమ్ము ముక్కతోనో, ఎముకతోనో మెల్లగా గీకి, మెత్తటి నూలుగుడ్డతో రోజూ రుద్దుతూ పోవాలి. నెలలు పడుతుంది. జేబులో వేసుకు తిరుగుతూ తీరిగ్గా ఉన్నప్పుడల్లా తుడిచే సేకర్తలు ఉన్నారు. ఒక్క సాయంత్రం తోమి కొత్తదానిలా మెరిపించారంటే మూడు వందల ఏళ్ళ చర్మం ఒలిచేసినట్టే.

ఇనుము కానివాటి రంగుల కథ వేరు. 'షకుదో' అంటే రాగిలో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళ బంగారం కలిపిన మిశ్రమం. చేసినప్పుడు మామూలు రాగిలాగే ఉంటుంది. ముల్లంగి రసంలో ముంచి, రాగి లవణాల నీళ్ళలో మరిగిస్తే కాకి రెక్కలా నీలి నలుపు తేలుతుంది. 'షిబుఇచి' అంటే నాలుగోవంతు. రాగిలో పావువంతు వెండి కలిపితే వర్షాకాలపు మబ్బు రంగు వస్తుంది. ఇది అర్థం కావడానికి మనం దూరం వెళ్ళక్కర్లేదు, బిద్రీ పని తెలిస్తే చాలు. బీదరు పనివాళ్ళు జింకులో కాస్త రాగి కలిపి, వెండి పొదిగి, కోట మట్టిని నవాసారంతో కలిపి పూస్తే ఆ లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. రెండుచోట్లా ఆ నలుపు పూసిన రంగు కాదు, లోహం తన ఒంటిమీద తాను తెచ్చుకున్న రంగు. రెండూ గట్టిగా తోమితే పోతాయి.

సంతకం అబద్ధం చెప్తే

ఇప్పుడు సంతకం దగ్గరికి వద్దాం. చాలావరకు అది మధ్య కన్నానికి ఎడమవైపు, నిలువుగా ఉంటుంది. పనివాడి సీమ, ఊరు, పేరు, ఆపైన 'చేశాడు' అన్న అక్షరం. ఇంత వివరంగా రాసి ఉంటే ఇక గుర్తించడానికి ఏముందనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

హికొనే ఊళ్ళో సోతెన్ అనే పనివాడు ఉండేవాడు. త్సుబా మొత్తం తొలిచేసి, దట్టమైన అడవిలో చైనా రుషుల్నీ యుద్ధ దృశ్యాల్నీ నింపేవాడు, అక్కడక్కడా బంగారం మెరిపించేవాడు. జనానికి తెగ నచ్చింది. ఎంత నచ్చిందంటే, అదే పద్ధతిలో, అదే సంతకంతో ఎక్కడెక్కడివాళ్ళో చేసి అమ్మారు. ఇప్పుడు సోతెన్ సంతకంతో దొరికే త్సుబాల్లో అత్యధిక భాగం సోతెన్‌వి కావు. నొబుయియే, కనెయియే పేర్లదీ అదే గతి. పేరు ఎంత పెద్దదైతే దాన్ని అంత అనుమానించాలి. ఇనుము, అంచు, కన్నాలు చెప్పే సాక్ష్యంతో సంతకం ఏకీభవిస్తేనే దాన్ని నమ్ముతారు, లేకపోతే సంతకాన్నే తోసేస్తారు. మన తాళపత్ర ప్రతుల్లో కర్త పేరు ఉన్నంత మాత్రాన పద్యం ఆయనదే అని ఒప్పుకోం కదా, ఇదీ అంతే.

సంతకం లేనివాటి సంగతి మరీ ఆలోచించాల్సింది. సంతకం లేని పల్చటి పాత రేకుల్ని 'పాత కత్తి కమ్మరివి', 'పాత కవచకారుడివి' అని రెండు రకాలుగా విడదీశారు. ఇత్తడి పొదిగిన ఓ రకానికి 'ఓనిన్ త్సుబా' అని పేరు పెట్టారు. ఈ పేర్లు ఆ వస్తువుల మీద లేవు. ఆ కాలపు పనివాళ్ళు తమని తాము అలా పిలుచుకోలేదు. తర్వాతి కాలపు రసజ్ఞులు, సేకర్తలు పోలికలు చూసి గుంపులు కట్టి పెట్టిన పేర్లవి. వర్గీకరణకి పనికొస్తాయి, తప్పులేదు. కానీ ఒక పేరు వందసార్లు కేటలాగుల్లో అచ్చయ్యాక అది ఊహ అన్న సంగతి మరుగున పడుతుంది. 'కత్తి కమ్మరి త్సుబా' అని చదవగానే ఒక కమ్మరి అలుగు సాగగొట్టి, అదే కొలిమిలో బిళ్ళ కూడా కాల్చిన బొమ్మ మన కళ్ళ ముందుకి వచ్చేస్తుంది. ఆ బొమ్మని మనకిచ్చింది ఇనుము కాదు, చీటీ.

1948లో జపానులో కళాఖడ్గాల పరిరక్షణకి ఒక సంఘం ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం కత్తులు జప్తు చేస్తున్నప్పుడు, కత్తి ఆయుధమే కాదు కళ కూడా అని ఒప్పించాల్సి వచ్చిన రోజులవి. ఆ సంఘం ఇప్పటికీ కత్తుల్నీ త్సుబాల్నీ పరీక్షించి పత్రాలు ఇస్తుంది, 'భద్రపరచదగినది', 'ప్రత్యేకంగా భద్రపరచదగినది', ఆపైన 'ముఖ్యమైనది' అంటూ అంతస్తులవారీగా. మంచి త్సుబా తేలికైన పౌలోనియా చెక్కపెట్టెలో, మధ్యలో దానికోసమే కుట్టిన మెత్త మీద కూచుని ఉంటుంది. పెట్టె మూతమీద ఒక్కోసారి పేరున్న పండితుడు కుంచెతో రాసిన అభిప్రాయం ఉంటుంది. కత్తి పోయాక త్సుబాకి ఆ పెట్టే కొత్త ఒర. పెట్టె మారితే దాని చరిత్ర కూడా మారిపోతుంది.

సేకర్తల్ని తిట్టాలని కాదు ఇదంతా. వాళ్ళు లేకపోతే వీటిలో చాలా భాగం పాత ఇనుము బండిలో పడేది. కానీ కత్తి నుంచి విడదీసిందీ ఆ గిరాకీయే, ఆపైన ఇది ఎవరిదని పరిశోధన చేసిందీ ఆ గిరాకీయే. తప్పిపోయిన పిల్లాణ్ణి చేరదీసి పేరు పెట్టి పెంచినవాళ్ళకి, పిల్లాడు తప్పిపోవడంలోనూ కాస్త చెయ్యుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

రాగి దారి

మన తీరానికీ ఈ కథకీ ఓ నిజమైన ముడి ఉంది. డచ్చి కంపెనీ 1605లోనే మచిలీపట్నంలో కోఠీ పెట్టింది. 1641 నుంచి జపానులో వాళ్ళని నాగసాకి దగ్గర దెజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపానికి పరిమితం చేశారు. ఆ రెండు చివరల మధ్యా ఓడలు తిరిగాయి. కోరమాండల్ తీరపు రంగుల అద్దకం బట్టలు జపాను చేరాయి. అక్కడ వాటిని 'సరసా' అన్నారు. టీ పాత్రలకి గలీబులు కుట్టుకునేంత అపురూపంగా చూసుకున్నారు. ఇటువైపు జపాను రాగి కడ్డీలు వచ్చాయి, కోరమాండల్ తీరంలో బాగా అమ్ముడుపోయాయి, రాగి నాణేలయ్యాయి. కంసాలి బంగారం కలిపి షకుదో చేసుకున్న రాగీ, మన సంతల్లో చేతులు మారిన రాగీ ఆ దేశపు గనుల్లోంచి వచ్చినవే.

విదేశీ ఓడలతో పాటు విదేశీ మోజూ దిగింది. 'నన్‌బాన్' అనే రకం త్సుబాల్లో జపాను ఖాళీ జాగాలు కనిపించవు. మెలికలు తిరిగే తీగలు, ఎదురెదురు డ్రాగన్లు, మధ్యలో మణి. నన్‌బాన్ అంటే దక్షిణపు మొరటువాళ్ళు, సముద్రం మీదుగా వచ్చిన ప్రతివాడికీ అదే పేరు. ఇనుము మీద సన్నగా గళ్ళు గీకి, బంగారు రేకు పెట్టి సుత్తితో అతికించే పని వీటిమీద ఎక్కువ. మన దేశపు కత్తుల మీద కోఫ్త్‌గారీ అని పిలిచే పనీ అదే పద్ధతి.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాను గదికి వెళ్ళినప్పుడు అందరూ పింగాణీ చూసి వచ్చేస్తారు. అక్కడ సమురాయ్ కత్తులు కూడా ఉన్నాయి. ఈసారి అలుగు పొడవు చూడ్డం అయ్యాక పిడి మొదట్లో ఉన్న బిళ్ళ దగ్గర ఓ నిమిషం ఆగండి. విడిగా గాజుపెట్టెలో మెరిసే త్సుబా కన్నా, పిడికీ ఒరకీ మధ్య ఇరుక్కుని ఉన్న త్సుబా చూడ్డం ఇప్పుడు అరుదైన సంగతి.

భాషలో మిగిలినవి

కత్తులు పోయినా జపాను నాలుక మీద వాటి ముక్కలు మిగిలాయి. ఎన్నికల్లో ఇద్దరు హోరాహోరీగా తలపడుతుంటే పత్రికలు 'త్సుబాజెరిఆయ్' అని రాస్తాయి, త్సుబాకి త్సుబా ఆనించి ఒకరినొకరు నెట్టుకోవడం. త్సుబాకి రెండువైపులా బిగించే పల్చటి రేకుల పేరు 'సెప్పా'. దిక్కుతోచని స్థితిలో పడ్డవాణ్ణి ఆ సెప్పా ఇరుక్కుపోయినవాడిలా చెప్తారు. నమ్మకమైన వస్తువునో మనిషినో 'ఒరిగామి ఉన్నది' అంటారు, అంటే నిపుణుడి పత్రం ఉన్నదని. ఇద్దరికీ పడకపోతే వంపులు కలవలేదంటారు, అలుగు వంపూ ఒర వంపూ కలవనట్టు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనం అంటాం కదా, దానికి దగ్గర చుట్టమే ఇది.

సెప్పా మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి చెప్పాలి. పనివాడు సంతకం పెట్టేది సరిగ్గా ఆ రేకులు కూచునే చోట, మధ్య కన్నం చుట్టూ ఉన్న నునుపైన జాగాలో. అంటే కత్తి మొత్తంగా ఉన్నంతకాలం ఆ పేరు పైకి కనిపించదు. నడుముకి కట్టుకున్నవాడికీ కనిపించదు, ఎదురుగా నిలబడ్డవాడికీ కనిపించదు. బొమ్మ లోకానికి, పేరు లోపలికి. శుభ్రం చేయడానికో, త్సుబా మార్చడానికో పిడి విప్పినప్పుడు మాత్రమే కంటపడేది.

1876 తర్వాత ఆ పేర్లన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. ముందు చదివేదీ వాటినే అయ్యింది, ధర కట్టేదీ వాటికే అయ్యింది, దొంగతనంగా చెక్కిందీ వాటినే. త్సుబాని చూడ్డం నేర్చుకోవడమంటే కాసేపు ఆ పేరుని మళ్ళీ రేకు కిందకి పంపడం. ఇనుముని, అంచుని, ఉలి దెబ్బల్ని ముందు మాట్లాడనివ్వడం. పేరు ఎక్కడికీ పోదు, చివర్లో చదవచ్చు.